బోల్టులు విప్పి మళ్లీ బిగించాను, గలగల పోయి ఈల మొదలైంది

పేరు వద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. ఆయన దగ్గరున్నది తండ్రి కొన్న 24 ఏళ్ల నాటి మోటార్ సైకిల్. సింగిల్ సిలిండర్, నాలుగు స్ట్రోకుల ఇంజిన్, మీటరు మీద 61 వేల కిలోమీటర్లు. ఏడాదిగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఎడమ పక్క నుంచి గలగలమని చప్పుడు వస్తోంది. మొదట్లో నాలుగైదు సెకన్లలో సద్దుమణిగేది. తర్వాత్తర్వాత ఇంజిన్ వేడెక్కాక కూడా ఐడ్లింగ్‌లో వినిపించసాగింది, యాక్సిలరేటర్ వదిలితే ఇంకా ఎక్కువయ్యేది. అది టైమింగ్ చైన్ (కింది క్రాంక్ షాఫ్ట్ నుంచి పైన వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్‌ని తిప్పే గొలుసు) చప్పుడని, ఆ చైన్‌ని బిగువుగా ఉంచేందుకు సిలిండర్ వెనకున్న టెన్షనర్ చూసుకోవాలని ఎవరో చెబితే ఒక ఆదివారం ఆయనే పానా పట్టుకున్నారు.

టెన్షనర్‌ని సిలిండర్‌కి పట్టి ఉంచే రెండు 6 మి.మీ. బోల్టులనూ చెరి నాలుగు చుట్లు వదులు చేశారు. మధ్యలో ఉన్న పెద్ద బోల్టు జోలికి పోలేదు. లోపల టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు వినిపించి టెన్షనర్ వెనక్కి జరిగింది. లోపల ఏదో ఊడిపోతోందని భయపడి మళ్లీ బిగించేశారు. చివరి మూడు చుట్లూ గట్టిగా తిరిగాయి. స్టార్ట్ చేస్తే గలగల లేదు! పని అయిపోయిందనుకున్నారు. మర్నాటి నుంచి స్పీడు పెరిగేకొద్దీ సన్నగా ఈల లాంటి మోత. అలాగే 300 కిలోమీటర్ల దాకా తిరిగారు.

మెకానిక్‌కి చూపిస్తే చైన్, గైడ్లు, టెన్షనర్, కామ్ బేరింగులు అన్నీ మార్చాలన్నారు. తాను బోల్టులు విప్పిన సంగతి మాత్రం ఈ పాఠకుడు సిగ్గుపడి మెకానిక్‌కి చెప్పలేదు. ఇంకో మెకానిక్ ఆటోమేటిక్ టెన్షనర్ తీసిపారేసి చేత్తో బిగించే రకం వేస్తే జీవితాంతం బాధ ఉండదన్నారు. స్నేహితుడు చిక్కటి ఆయిల్ పొయ్యమన్నాడు. ఇంట్లో ఆవిడ అమ్మేద్దామంటున్నారు. మంచం దిగలేని తండ్రి మాత్రం కిటికీలోంచి విని, "ఇది నా బండి చప్పుడు కాదురా" అన్నారట. ఎవరి మాట వినాలి, నా చేతులారా ఇంజిన్ పాడు చేశానా, నాన్నకి ఏం చెప్పాలి? ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

అన్నిటికన్నా ముందు, టెన్షనర్‌ని విప్పి సరిగ్గా కూర్చోబెట్టేదాకా ఆ బండి స్టార్ట్ చేయకండి. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలన్నా ట్రాలీ మీద ఎక్కించండి, లేదా న్యూట్రల్‌లో తోసుకుంటూ వెళ్లండి. గేరులో పెట్టి మాత్రం తొయ్యకండి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. గలగల పాతది, ఏడాదిగా ఉన్నది. దానికి మీ తప్పేమీ లేదు. ఈల మాత్రం ఆ ఆదివారం పుట్టింది. ఈ రెండూ కలిసిపోయి ఒకటే రోగంలా కనిపించడం వల్లే ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతున్నారు. మొదటి మెకానిక్‌ని కూడా తప్పుపట్టలేం. ఈల వింటున్న ఇంజిన్‌ని, 61 వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌ని ముందు పెట్టి, మధ్యలో ఏం జరిగిందో చెప్పకపోతే ఎవరైనా బేరింగుల దాకా వెళ్లిపోతారు.

ఆ మూడు టిక్కుల్లోనే అంతా ఉంది. మీ టెన్షనర్ రాచెట్ రకం అని వాటిని బట్టే తెలిసిపోతోంది. లోపల ఒక ప్లంజర్, దాని ఒక పక్కన రంపం పళ్ల లాంటి పళ్లు. వెనక నుంచి స్ప్రింగ్ దాన్ని ముందుకు నెడుతుంది. చైన్ అరిగి వదులైన కొద్దీ ప్లంజర్ ఒక్కో పన్ను ముందుకు జరిగి వెనక గైడ్ బ్లేడుని, అంటే చైన్‌కి ఆని ఉండే వంగిన పట్టీని, చైన్ మీదకి నొక్కుతుంది. ఒకసారి ముందుకు వెళ్లాక వెనక్కి రాకుండా చిన్న కొక్కెం పంటికి అడ్డం పడుతుంది. ఆ కొక్కెమే ఈ యంత్రానికి ప్రాణం, మీ విషయంలో చిక్కు తెచ్చిందీ అదే.

మీరు రెండు బోల్టులూ నాలుగు చుట్లు వదిలారు. 6 మి.మీ. బోల్టు మర ఒక చుట్టుకి 1 మి.మీ. జరుగుతుంది. అంటే టెన్షనర్ బాడీ 4 మి.మీ. వెనక్కి వచ్చింది. మధ్య బోల్టు విప్పలేదు కాబట్టి దాని కింద స్ప్రింగ్ బిగువుగానే ఉంది. అది బాడీని వెనక్కి తంతూ, ప్లంజర్‌ని బ్లేడుకి ఆనించే ఉంచింది. అలా బాడీలోంచి ప్లంజర్ మూడు పళ్లు బయటికి వచ్చేసింది. ఇక మీరు బోల్టులు బిగించినప్పుడు బాడీ ముందుకు వెళ్లింది గానీ, కొక్కెం వల్ల ప్లంజర్ లోపలికి పోలేదు. చైన్‌లో ఉన్న కాస్త వదులూ మొదటి చుట్టులోనే అయిపోయింది. మిగతా మూడు చుట్లూ, అంటే దాదాపు 3 మి.మీ., బ్లేడుని బలవంతంగా చైన్‌లోకి కుక్కాయి. మీ చేతికి గట్టిగా తగిలింది అదే. గలగల పోయింది చైన్ బాగుపడి కాదు, ఊపిరాడనంతగా బిగిసిపోయి. చైన్ అంత బిగువుగా స్ప్రాకెట్ల (పళ్ల చక్రాల) మీద తిరుగుతుంటే వచ్చే మోతే ఆ ఈల.

ఇలాగే తిప్పితే మొదట బ్లేడు మీది రబ్బరో నైలానో గీరుకుపోతుంది. చైన్ పిన్నులు మామూలు కన్నా వేగంగా అరుగుతాయి. కామ్ షాఫ్ట్‌ని చైన్ అస్తమానం కిందికి లాగుతూ ఉంటుంది కాబట్టి సిలిండర్ పైనున్న హెడ్‌లోని కామ్ బేరింగుల మీద, లేదా బేరింగులు లేకుండా అల్యూమినియంలోనే తిరిగే రకమైతే ఆ గుంటల మీద, భారం పడుతుంది. బ్లేడు విరిగితే ముక్క కింది స్ప్రాకెట్ దగ్గర ఇరుక్కుని చైన్ పళ్లు దాటే ప్రమాదం ఉంది. సగటు చిన్న ఇంజిన్‌లో కింద 17 పళ్లుంటే పైన 34 ఉంటాయనుకోండి. ఒక్క పన్ను దాటితే కామ్ 10.6 డిగ్రీలు తప్పుతుంది, అంటే క్రాంక్ లెక్కలో 21 డిగ్రీలు. ఒక పన్నుతో బండి పిక్అప్ పోతుంది. రెండు మూడు దాటితే చాలా ఇంజిన్లలో వాల్వు పిస్టన్‌కి తగులుతుంది.

అయినా బెంబేలు పడకండి. బ్లేడుకి వంగే గుణం ఉంది కాబట్టి 3 మి.మీ. బిగువుని కొంతకాలం అది ఓర్చుకుంటుంది. 300 కిలోమీటర్లకే అంతా పోయిందని నేను అనుకోవడం లేదు. పోయిందో లేదో ఇంజిన్ ఆయిల్ చెబుతుంది. డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్‌ని తెల్లటి గిన్నెలోకి, ఉతికిన పాత చొక్కా గుడ్డ లోంచి వడగట్టండి. ఇంజిన్ అడుగున ఆయిల్ జల్లెడ విడిగా ఉంటే దాన్నీ తీసి చూడండి. నల్లటి మెత్తటి పెచ్చులు కనబడితే అవి బ్లేడువి. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు ఇనుము, చైన్ నుంచో స్ప్రాకెట్ నుంచో వచ్చినవి. అంటుకోకుండా వెండిలా మెరిసే పొడి అల్యూమినియం. చైన్ కేసింగ్‌కి రాసుకుంటున్నా, కామ్ గుంటలు అరుగుతున్నా అది వస్తుంది. అయస్కాంతపు డ్రెయిన్ బోల్టు మీద బూడిద రంగు పేస్టు లాంటి సన్నటి పొర ఉండడం పాత బండికి సహజం, దానికి కంగారు పడక్కర్లేదు. పెచ్చులు గోరు మీద నిలిచేంత పెద్దవైతే మాత్రం కింద చెప్పే పని మీరు మొదలుపెట్టకండి, హెడ్ విప్పక తప్పదు.

ఆయిల్ శుభ్రంగా ఉంటే టెన్షనర్ తీసి మళ్లీ కూర్చోబెట్టే పని మీ చేతులతోనే అవుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. తాళం తీసేసి, స్పార్క్ ప్లగ్ ఊడదీసి, బండిని న్యూట్రల్‌లో పెట్టండి. టెన్షనర్ చుట్టూ మట్టి తుడవండి. తీశాక ఆ కన్నంలో పడ్డ ఇసుక రేణువు నేరుగా ఆయిల్‌లోకే పోతుంది.

ఇంజిన్ ఎడమ పక్క మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి. ఒకటి క్రాంక్ నట్టుకి బాక్స్ పానా వెయ్యడానికి, రెండోది టైమింగ్ గుర్తు చూడడానికి. ఇంజిన్ తిరిగే దిక్కులోనే క్రాంక్‌ని తిప్పాలి. ఎడమ పక్క నుంచి చూస్తే చాలా బండ్లలో అది గడియారం ముల్లుకి ఎదురు దిక్కు. మీ బండి సంగతి తేల్చుకోవాలంటే టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకి కొద్దిగా తిప్పి క్రాంక్ నట్టు ఎటు తిరుగుతోందో చూసి, మళ్లీ న్యూట్రల్‌కి రండి. పిస్టన్ పైకొసకి వచ్చిందని చెప్పే "టి" గీత కవర్ మీది గుర్తుకి ఎదురుగా రావాలి. అదే సమయంలో హెడ్ మీది ట్యాపెట్ మూతలు తీసి, వాల్వులని నొక్కే ట్యాపెట్లు రెండూ వేళ్లతో కదిపితే కాస్త ఆడాలి. బిగువుగా ఉంటే అది ఎగ్జాస్ట్ స్ట్రోకు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. గీత దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి, ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి రండి. వెనక్కి తిప్పితే లాగుడంతా టెన్షనర్ ఉన్న పక్కకి మారి ప్లంజర్‌నీ కొక్కేన్నీ ఒత్తేస్తుంది. ఈ స్థితికే ఎందుకు తేవాలంటే, ఇక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, కామ్‌ని ఏ స్ప్రింగూ తిప్పదు. వాల్వు సగం తెరిచి ఉండగా టెన్షనర్ తీస్తే వాల్వు స్ప్రింగ్ కామ్‌ని ఎగదన్ని, వదులు చైన్ పన్ను దాటే వీలుంది.

ఇప్పుడు ఆ రోజు ముట్టుకోని మధ్య బోల్టునే ముందు విప్పండి. చివరి మరలకి వచ్చేసరికి స్ప్రింగ్ తన్నుతుంది, బొటనవేలితో అదిమి పట్టుకుని మెల్లగా వదలండి. బోల్టూ వాషరూ స్ప్రింగూ బయటికి వచ్చాకే పక్క బోల్టులు రెంటినీ కొద్దికొద్దిగా, మార్చి మార్చి వదులు చేయండి. ఒక్కటే మొత్తం విప్పితే 3 మి.మీ. బిగువంతా టెన్షనర్ బాడీకి బోల్టు పట్టే ఒక చెవి మీదే పడి అల్యూమినియం చిట్లగలదు. టెన్షనర్ చేతికి వచ్చాక క్రాంక్‌ని తిప్పకండి, కిక్ కొట్టకండి, బండిని ఎవరూ కదపకుండా చూడండి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

చేతికి వచ్చిన టెన్షనర్‌ని వెంటనే లోపలికి నొక్కేయకండి. ప్లంజర్ ఎన్ని పళ్లు బయటికి ఉందో లెక్కపెట్టి, మొత్తం ఎన్ని పళ్లున్నాయో కూడా రాసుకోండి, ఫోటో తీసుకోండి. మీ చైన్ ఎంత అరిగిందో హెడ్ విప్పకుండానే చెప్పే కొలత ఇది. మీ లెక్కలోంచి మూడు తీసేయడం మర్చిపోకండి, ఎందుకంటే ఆ మూడు పళ్లూ చైన్ అరిగి వచ్చినవి కావు, ఆ ఆదివారం మీరు తెచ్చినవి. ఉదాహరణకి 14 పళ్లలో 9 బయటికుంటే చైన్ అసలు వాడుకున్నవి 6 మాత్రమే. అదే 13 బయటికుంటే అసలు లెక్క 10, ఇక మిగిలింది తక్కువ.

తర్వాత ప్లంజర్ తలని బల్లకి ఆనించి బొటనవేలి బలంతో నొక్కండి. కొక్కేన్ని ఎత్తకుండా అది లోపలికి జారకూడదు. జారితే కొక్కెం అంచు అరిగిపోయింది. అప్పుడు ఏడాదిగా వచ్చిన గలగలకి దొంగ దొరికినట్టే, ప్రతి కుదుపుకీ ప్లంజర్ వెనక్కి జారుతూ ఉండి ఉంటుంది. జారకపోతే కొక్కేన్ని వేలితో ఎత్తి ప్లంజర్‌ని పూర్తిగా లోపలికి నొక్కి, మళ్లీ ఒక్కో పన్నూ బయటికి లాగుతూ ప్రతి పంటికీ టిక్ వినబడుతుందో లేదో చూడండి. ఏదో ఒక చోట మౌనంగా జారితే ఆ పన్ను అరిగినట్టు. పళ్ల సందుల్లో గట్టిపడ్డ ఆయిల్ జిగురుంటే కిరోసిన్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో కడగండి. ఇరవై ఏళ్ల బండ్లలో జిగురు పట్టి కొక్కెం సగం లేచి ఉండిపోవడం తరచుగా జరిగేదే. స్ప్రింగ్ పొడవు కొలిచి మాన్యువల్‌లోని కనీస కొలతతో పోల్చండి. స్ప్రింగ్‌ని సాగదీసి వెయ్యొద్దు. అలా పెంచిన పొడవు నాలుగు రోజుల్లో పోతుంది.

టార్చ్ వేసి ఆ కన్నంలోంచి బ్లేడు వీపు చూడండి. ప్లంజర్ తల తగిలిన చోట చిన్న మెరుపు మచ్చ ఉండొచ్చు. గుంట పడి, గోటికి తగిలేంత లోతుంటే బ్లేడు మార్చాలి, ఎందుకంటే కొత్త ప్లంజర్ కూడా ఆ గుంటలోనే కూర్చుని ముందుకు జరగలేదు. ట్యాపెట్ మూతలు తీసినప్పుడు కామ్ స్ప్రాకెట్ కనబడే రకమైతే దాని మీది గుర్తు కూడా చూడండి. "టి" గీత సరిగ్గా ఉన్నప్పుడు కామ్ గుర్తు హెడ్ అంచుకి సమంగా ఉండాలి. పంటిలో సగం వెనకబడి ఉంటే చైన్ బాగా అరిగినట్టు. ఈ చూపు టెన్షనర్ బిగించి ఉన్నప్పుడే నమ్మదగింది, కాబట్టి తిరిగి బిగించాక చూసుకోండి.

తిరిగి బిగించేటప్పుడు వరుస తిరగబడుతుంది. ప్లంజర్ పూర్తిగా లోపలికి, కొత్త ప్యాకింగు, ముందు పక్క బోల్టులు రెండూ సమంగా. ఈసారి అవి చివరిదాకా వేళ్లతోనే తిరగాలి. మధ్యలో గట్టిగా తగిలితే ప్లంజర్ బయటికే ఉన్నట్టు, ఆపి మళ్లీ చూడండి. 6 మి.మీ. బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అల్యూమినియంలో మర పోతే ఇప్పుడున్న బాధకి ఇంకొకటి తోడవుతుంది. ఆ తర్వాత స్ప్రింగ్, వాషరు, మధ్య బోల్టు. అది బిగిస్తుండగా ప్లంజర్ టిక్కు టిక్కుమంటూ బ్లేడు దాకా వెళ్లడం వినబడుతుంది. వినబడకపోతే కొక్కెం ఇరుక్కుంది. చివరగా క్రాంక్‌ని చేత్తో, తిరిగే దిక్కులోనే, నాలుగు పూర్తి చుట్లు మెల్లగా తిప్పి గుర్తులన్నీ మళ్లీ సరిచూడండి. వాల్వు స్ప్రింగుల వల్ల అక్కడక్కడ కాస్త బరువు తగలడం మామూలే, ఇనుముకి ఇనుము తగిలినట్టు ఠక్కున ఆగితే బలవంతం చెయ్యొద్దు. అలా ఆగిందంటే టైమింగ్ తప్పినట్టు. అన్నీ సవ్యంగా ఉంటే ప్లగ్ బిగించి, కొత్త ఆయిల్ గుర్తు దాకా పోసి స్టార్ట్ చేయండి. ఈల పోవాలి.

ఇది చదివే మరెవరి టెన్షనర్‌లోనైనా టిక్కుల సంగతి లేకుండా, మధ్య మూత కింద స్క్రూ డ్రైవర్ గాడి కనబడితే అది మర రకం. లోపల చుట్ట స్ప్రింగ్ మరని తిప్పుతూ ప్లంజర్‌ని నెడుతుంది. దానికి సన్నటి స్క్రూ డ్రైవర్‌తో, మామూలుగా గడియారం దిక్కుకి, తిప్పి ప్లంజర్‌ని లోపలికి చుట్టి, అలాగే పట్టుకుని బిగించి వదలాలి. బోల్టులు వదులు చేసి ఊరికే మళ్లీ బిగించకూడదన్న నియమం దానికీ ఇదే.

ఇక ఎవరి మాట వినాలన్న ప్రశ్న. ఇది మీరు లెక్కపెట్టిన పళ్లను బట్టి తేలాలి, మనుషులను బట్టి కాదు.

మూడు తీసేశాక ప్లంజర్ సగం లోపే బయటికి ఉండి, కొక్కెం గట్టిగా పట్టి, బ్లేడు నునుపుగా ఉంటే చైన్‌కి ఇంకా చాలా బతుకుంది. జిగురు కడగడం, కొత్త స్ప్రింగ్ వెయ్యడం, ఆయిల్ మార్చడంతో సరిపోవచ్చు. కానీ అప్పుడు గలగల తిరిగి వస్తే అది చైన్‌దేనా అని మళ్లీ అనుమానించాలి. పొడుగాటి స్క్రూ డ్రైవర్ పిడిని చెవి ఎముకకి ఆనించి, మొనని ఒక్కో చోటా పెట్టి వినండి. టెన్షనర్ మీద, ఎడమ పక్క సిలిండర్ మీద ఎక్కువగా, లయ లేకుండా గలగలమంటే చైన్. హెడ్ కవర్ మీద టక టకా ఒకే తాళంలో కొడితే ట్యాపెట్లు, చల్లటి ఇంజిన్ మీద ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) చూసుకోవాలి. చిన్న ఇంజిన్లలో ఆ సందు మామూలుగా 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్య ఉంటుంది, మీ మాన్యువల్ అంకె ఏదైతే అదే. కుడి పక్క వచ్చే చప్పుడు క్లచ్ లివర్ నొక్కగానే మారితే అది క్లచ్ బాస్కెట్. మీ ఉత్తరంలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెరుగుతోందన్న మాట మాత్రం చైన్ వైపే చూపిస్తోంది. గ్యాస్ వదలగానే చైన్ మీది లాగుడు తగ్గి, వదులు పక్క కొట్టుకుంటుంది.

కొక్కెం జారుతుంటే కొత్త టెన్షనర్ ఒక్కటి వెయ్యండి. దాన్ని పదును పెట్టడం, పంటిని ఆకురాయితో రుద్దడం లాంటివి చేయించకండి. ఆ గట్టిదనం పై పొరలోనే ఉంటుంది, రుద్దితే పోతుంది.

అసలు లెక్క నాలుగింట మూడు వంతులు దాటితే మొదటి మెకానిక్ చెప్పినదే నిజం, కొంతవరకు. చైన్ ఇనుము సాగిపోదు, ప్రతి లింకులో పిన్నూ బుష్షూ అరుగుతాయి. వంద లింకుల చైన్‌లో ఒక్కో చోట వెంట్రుక మందంలో నాలుగో వంతు, 0.02 మి.మీ. అరిగినా చైన్ మొత్తం 2 మి.మీ. పొడవవుతుంది. ఇలాంటి చైన్ మీద కొత్త టెన్షనర్ ఒక్కటే వేస్తే అది కూడా మొదటి రోజే చివరి పళ్ల దగ్గర కూర్చుంటుంది. కొన్నాళ్లు చప్పుడు ఉండదు, తర్వాత జరగడానికి పళ్లుండవు. అప్పుడు చైన్, ముందు వెనక గైడ్ బ్లేడులు రెండూ, టెన్షనర్ ఒకేసారి మార్చడమే సబబు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే అవీ మార్చాలి. కామ్ బేరింగులు మాత్రం విప్పి, చేత్తో తిప్పి చూశాకే తేల్చమనండి. ఈల ఒక్కదాన్ని చూసి మార్చక్కర్లేదు. చాలా సింగిల్ సిలిండర్ ఇంజిన్లలో మాగ్నెట్ తీస్తే చైన్ కింది నుంచి బయటికి వస్తుంది. చైన్ ఇంజిన్ నడిమధ్యలో ఉండే రకాల్లో ఇంజిన్‌ని రెండుగా విడదీయాలి. అలాంటి చోట్ల కొందరు పాత చైన్ తెంపి, కొత్తదాన్ని దానికి కట్టి లాగి, చివరలు కలుపుతారు. రివెట్ లింకుతో, సరైన పనిముట్టుతో నొక్కితే అది నిలుస్తుంది. క్లిప్పు పెట్టే లింకు ఎవరైనా తెస్తే ఒప్పుకోకండి. ఆ క్లిప్పు ఊడితే పడేది ఇంజిన్ లోపలే.

చేత్తో బిగించే బోల్టు టెన్షనర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది చెడ్డదేమీ కాదు. చాలా పాత బండ్లకి పుట్టుకతోనే అది ఉంది. కొక్కెం లేదు కాబట్టి జారే ప్రశ్నే లేదు. జీవితాంతం బాధ ఉండదన్నది మాత్రం సరికాదు. చైన్ అరుగుతూనే ఉంటుంది, ముందుకు జరిపే పని స్ప్రింగ్ నుంచి మీ చేతికి మారుతుంది, అంతే. ఇందులో తప్పు జరిగేది ఎక్కువగా బిగించడంలో. ఇంజిన్ వేడెక్కితే పెరుగుతుంది. 200 మి.మీ. ఎత్తున్న అల్యూమినియం 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.37 మి.మీ. పెరుగుతుంది, అదే పొడవు ఉక్కు చైన్ 0.18 మాత్రమే. తేడా మొత్తం చైన్ బిగువు మీదే పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చప్పుడు పూర్తిగా పోయేలా బిగిస్తే రోడ్డు మీద వేడెక్కాక మీ ఈ ఈలే మళ్లీ మొదలవుతుంది. అందుకని చల్లటి ఇంజిన్‌లో బోల్టుని బ్లేడుకి తగిలేదాకా వేళ్లతో మాత్రమే తిప్పి, ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తేవాలి. 1 మి.మీ. మర అయితే అది 0.125 మి.మీ. ఆ తర్వాత ఇంజిన్ వేడెక్కించి ఐడ్లింగ్‌లో, చప్పుడు వినబడేదాకా వదిలి, సరిగ్గా అది ఆగే చోటు దాకా మెల్లగా తిప్పి, బోల్టు కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించాలి. ప్రతి ఆయిల్ మార్పుకీ ఇది మళ్లీ చూసుకునే ఓపిక మీకుంటే వేసుకోండి. బండిని ఇంట్లో వేరొకరు కూడా నడుపుతూ, చప్పుడు వినే అలవాటు లేనివారైతే ఆటోమేటిక్ ఉన్నదే మేలు.

చిక్కటి ఆయిల్ సలహా వదిలేయండి. 10డబ్ల్యు-30 ఆయిల్ బదులు అంతకన్నా చిక్కటి 20డబ్ల్యు-50 పోస్తే చప్పుడు కాస్త మందగిస్తుంది నిజమే, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. పైగా చల్లటి ఉదయం ఆయిల్ హెడ్ దాకా చేరడం ఆలస్యమవుతుంది. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్లకైతే అది ఇంకా చెడుపు. కారు ఆయిల్ పొయ్యమని ఎవరైనా అంటే అసలే వద్దు. చాలా మోటార్ సైకిళ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, అలాంటి క్లచ్‌కి సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ గుర్తు డబ్బా మీద ఉన్నదే పొయ్యండి. అన్నిటికన్నా చైన్ ఆయుష్షు పెంచేది వేళకి ఆయిల్ మార్చడం, మట్టం తగ్గనివ్వకపోవడం. అరుగుదల పొడి కలిసిన ఆయిల్ పిన్నుకీ బుష్షుకీ మధ్య సానరాయిలా పనిచేస్తుంది.

అమ్మడం కూడా ఒక దారే, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. కానీ ఈల మోగుతుండగా అమ్మితే కొన్నవాళ్లకి టెన్షనర్ సంగతి చెప్పి అమ్మాలి, చెబితే బండికి న్యాయమైన విలువ రాదు. టెన్షనర్ సరిగ్గా కూర్చోబెట్టి, పళ్లు లెక్కపెట్టాక ఆ మాట ఇంట్లో మాట్లాడుకోండి. అప్పటికి ఎంత ఖర్చవుతుందో ఆవిడకి చెప్పడానికి మీ దగ్గర ఒక లెక్క ఉంటుంది.

మెకానిక్‌కి మాత్రం ఈసారి దాచకండి. "బోల్టులు నాలుగు చుట్లు విప్పాను, మూడు టిక్కులు వినబడ్డాయి, మళ్లీ బిగించాను" అన్న ఒక్క వాక్యం చాలు. పని తెలిసిన మనిషి అది వినగానే సగం ఇంజిన్ విప్పడం మానేసి మధ్య బోల్టు మీద చెయ్యి వేస్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ బోల్టుల వరుస బయటికి చూస్తే ఎవరికీ తెలిసేది కాదు, రెండు బోల్టులే పట్టి ఉన్నట్టు కనబడుతుంది.

నాన్నగారికి కూడా ఇదే చెప్పండి. ఆయన చెవి తప్పు చెప్పలేదు, అది నిజంగానే ఆయన బండి చప్పుడు కాదు. పని అయ్యాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బండిని ఆ కిటికీ కింద పెట్టండి. పూర్తిగా చల్లటి ఇంజిన్, ఒక నిమిషం ఐడ్లింగ్, ఒకసారి మెల్లగా రేస్ చేసి వదలడం. ఈల మిగిలిందేమో, వదిలినప్పుడు గలగల ఉందేమో ఆయన్నే అడగండి. 24 ఏళ్లు ఆ ఇంజిన్‌ని విన్న మనిషి ఆయన. తర్వాత బయటికున్న పళ్ల లెక్క, మొత్తం పళ్లు, వడగట్టిన గుడ్డ ఫోటో, ఆయన ఏమన్నారో కలిపి మళ్లీ రాయండి. చైన్ ఇప్పుడే మార్చాలా, వచ్చే ఆయిల్ మార్పు దాకా ఆగొచ్చా అన్నది వాటిని చూసి చెప్పవచ్చు.